బార్‌కోడ్ ఉన్న 1970 రికార్డు: చిత్తూరు ఆయన దగ్గర కొనేముందు ఆగండి

ఇంకా కోపం తగ్గలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. పాత గ్రామఫోన్ రికార్డులు అమ్మే చిత్తూరు ఆయన మీలో చాలామందికి తెలిసినాయనే. బ్లాక్ సబ్బాత్ అనే రాక్ బ్యాండ్ మొదటి ఆల్బం, 1970 నాటి ఇంగ్లండ్ ఒరిజినల్ అని ఫొటో పెట్టాడు. 18,000 పంపేశా.

నిన్న సాయంత్రం తిరుపతి బస్టాండులో పార్సిల్ తీసుకుని ఇంటికొచ్చి విప్పా. అట్ట వెనక మూలన బార్‌కోడ్! 1970లో రికార్డు అట్టల మీద బార్‌కోడ్ ఎక్కడిది? మధ్యలో లేబుల్ కూడా వేరే. ఒరిజినల్‌కి వెర్టిగో కంపెనీ వాళ్ల నలుపు తెలుపు సుడి ఉంటుంది. ఫొటోలో ఉంది, నా చేతికొచ్చినదాని మీద లేదు.

సరే, పాటయినా విందామని సూది పెట్టా. విన్నవాళ్లకు తెలుసు, ఆ ఆల్బం వానతో మొదలవుతుంది. ఉరుము, చర్చి గంట, ఆ తర్వాత టోనీ అయోమీ గిటార్, మూడే స్వరాలు, నెమ్మదిగా, బరువుగా. రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొనలు తెగిపోతే, ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని వాయించిన మనిషి ఆయన. పాటలన్నీ దాదాపు ఒక్కరోజులోనే రికార్డు చేశారు. అందుకే నలుగురూ మన గదిలోనే నిలబడి వాయిస్తున్నట్టుంటుంది. నాకొచ్చినదాంట్లో గిటార్ మొదలైనా గరగర ఆగలేదు. లైటు కింద వంచి చూస్తే అంచు నుంచి లోపలిదాకా గీత, గోటికి తగులుతోంది.

ఆయనకి ఫోన్ చేసి గరగర సంగతి చెప్పా. "అది వాన సామీ, ఆల్బంలోనే ఉండాది. పాటే తెలీకుండా ఎందుకు కొన్నావ్?" అన్నాడు.

పదహారేళ్ల వయసు నుంచి వింటున్నా ఆ వానని. నన్నే అంత మాట అన్నాడు. డబ్బు పోయినదానికన్నా అదే ఎక్కువ మండుతోంది. బార్‌కోడ్ సంగతి అడిగితే "అట్ట మార్చినారు, లోపల సరుకు అదే" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్.

నా తప్పూ ఉంది. వెనక అట్ట ఫొటో అడగలేదు. చిత్తూరు ఎంత దూరమని, ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లి విని కొనాల్సింది. ఇంకెవరైనా తీసేసుకుంటారేమోనని ఆత్రపడ్డా.

మీరైనా వెనక అట్ట, రెండు వైపులా లేబుళ్లు, లేబుల్ పక్కన నున్నటి చోట చెక్కిన అంకెలు, అన్నీ ఫొటో తెప్పించుకోండి. వాన ఆగాక గిటార్ వినిపించమని అడగండి.

ఈ పొద్దున ఇంకో కాపీ అమ్మకానికి పెట్టాడు. అదే సుడి ఫొటో, మూలన అదే ఉంగరం పెట్టుకున్న బొటనవేలు.