కళ్ళజోడుతో పాటు అంటగట్టే స్ప్రే బాటిల్‌తో జాగ్రత్త

భీమవరం, పాలకొల్లు, నర్సాపురం వైపు కొత్తగా కళ్ళజోడు చేయించుకునేవాళ్ళు ఇది ఒకసారి చదవండి. మా నాన్నగారికి భీమవరంలో ఒక షాపులో ప్రోగ్రెసివ్ అద్దాలు (మధ్యలో గీత లేకుండా దూరానికీ దగ్గరకీ ఒకే అద్దం) చేయించాం. బిల్లు కట్టేటప్పుడు నీలం రంగు స్ప్రే బాటిల్, రెగ్జిన్ పౌచ్ చేతిలో పెట్టి, "రోజూ ఇది కొట్టి తుడుచుకోండి, ఎప్పటికీ కొత్తగా ఉంటాయి" అని వాటికి విడిగా డబ్బులు తీసుకున్నారు. నాన్నగారు చెప్పింది చెప్పినట్టే చేశారు. కొన్ని నెలలకే కోటింగ్, అంటే అద్దాల మీద వేసే పల్చటి పైపొర, లేచిపోయింది. ట్యూబ్‌లైట్ కింద వాల్చి చూస్తే ఎండిన వరిచేలో నెర్రెల్లా సన్నటి గీతలు, అంచుల్లో తెల్లటి మరకలు. రాత్రిపూట ఎదురుగా బండి లైటు పడితే అంతా చెదిరిపోయి కనిపిస్తోందని ఆయన బయటికి వెళ్ళడమే మానేశారు. షాపుకి తీసుకెళ్తే "ఎండలో పెట్టుంటారండి" అని తేల్చేశారు.

ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే కోటింగ్ చిట్లే మాట నిజమే, వేడికి ప్లాస్టిక్ సాగినంత పైపొర సాగదు. కానీ మాకు కారే లేదు. ఆ బాటిల్ మీద తయారీదారు పేరు, తేదీ, ఎంఆర్‌పీ ఏవీ లేవు. ప్యాక్ చేసి అమ్మే సరుకుల మీద ఏమేం రాయాలో చెప్పే 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం అవి ఉండి తీరాలి. మూత తీస్తే ముక్కు మండే ఘాటు. అమ్మోనియా, అసిటోన్, బ్లీచ్ లాంటివి కోటింగ్‌ని పాడుచేస్తాయి, కాబట్టి కిటికీలు తుడిచే లిక్విడ్ కూడా కొట్టకండి.

అసలు స్ప్రేతో పనే లేదు. ముందు కుళాయి కింద కడగండి, మిల్లు దుమ్ము, చెరువుగట్టు మట్టి పోకుండా పొడిగా తుడిస్తే ఆ రేణువులే గీస్తాయి. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేళ్ళతో రాసి, ముక్కు ప్యాడ్‌ల చుట్టూ కూడా రుద్ది కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో అద్దుకోవాలి. వేడినీళ్ళు వద్దు, చొక్కా అంచు అసలే వద్దు. సముద్రం దగ్గర ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆఖర్న మంచినీళ్ళు పోయండి, లేకపోతే ఆరాక మరకలు కడతాయి.

ఆ పౌచ్ కూడా వద్దు, మన తేమకి రెగ్జిన్ లోపలి పొర పొలుసులుగా ఊడి అద్దానికి అంటుకుంటోంది. గట్టి పెట్టె అడిగి తీసుకోండి.

బిల్లు మీద లెన్స్ కంపెనీ, కోటింగ్ పేరు, వారంటీ ఎన్నాళ్ళో రాయించుకోండి. మాకు ఉత్త "అద్దాలు" అని రాసిచ్చారు, ఇప్పుడు గట్టిగా అడగడానికి ఆధారం లేకుండా పోయింది. అయినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాం. అలాంటి పేరులేని బాటిల్ మీ ఇంట్లో ఉంటే వాడకం ఆపేయండి, కానీ పారేయకుండా బిల్లుతో పాటు దాచండి.