టాబ్లెట్ నుంచి కంప్యూటర్‌కు రా ఫొటోలు: కోనసీమలో చాలాకాలం వాడాక

కెమెరా కార్డులోని రా ఫొటోలను (కెమెరా జేపెగ్‌గా మార్చకుండా దాచే అసలు ఫైళ్లను) పెళ్లి దగ్గరే టాబ్లెట్‌కు ఎక్కించుకుని, ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో వేసుకోవడం చాలాకాలంగా నాకు అలవాటు. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు పెళ్లిళ్లు చేస్తాను. సీజన్ లేనప్పుడు కోరంగి మడ అడవుల్లో పక్షుల ఫొటోలు తీస్తాను. ఈ రెండు పనుల్లోనూ టాబ్లెట్ నాకు బాగా ఉపయోగపడింది. జీలకర్ర బెల్లం అయిన పది నిమిషాలకే పెళ్లికూతురి నాన్నగారికి పెద్ద స్క్రీన్ మీద ఫొటో చూపించగలగడం మామూలు విషయం కాదు. ఏవి బాగున్నాయో, ఎక్కడ ఫోకస్ తప్పిందో అక్కడే తేలిపోతుంది.

అయితే టాబ్లెట్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి రా ఫైళ్లను లాక్కోవడాన్ని మాత్రం నేను ఇంకా నమ్మను. ఇన్నాళ్ల వాడకంలో తేలింది ఇదే. రా ఫైళ్లు కార్డు నుంచి ఒక ఎస్‌ఎస్‌డీలోకి (జేబులో పట్టే బయటి డ్రైవ్‌లోకి), ఎస్‌ఎస్‌డీ నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లాలి. టాబ్లెట్ వాటిని చూడ్డానికి, ఏరుకోవడానికి, కాపీ చేయించడానికి పనికొస్తే చాలు.

ఎందుకంటే, పెన్‌డ్రైవ్ పెడితే కంప్యూటర్‌లో అది ఒక డ్రైవ్‌గా కనిపిస్తుంది. టాబ్లెట్ అలా కనిపించదు. ఐప్యాడ్ అయితే పీటీపీ, ఆండ్రాయిడ్ అయితే ఎంటీపీ అనే పద్ధతిలో విండోస్‌తో మాట్లాడుతుంది. కంప్యూటర్ ఒక్కో ఫైల్‌నూ అడుగుతుంటే టాబ్లెట్ ఇస్తుంటుంది. నాలుగైదు ఫొటోలకు ఇబ్బంది ఉండదు. పెళ్లి మొత్తం, అంటే వేల ఫైళ్లు ఒకేసారి ఎంచుకుని కాపీ కొడితే లెక్క వేసుకోవడానికే చాలాసేపు తీసుకుంటుంది, మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో చెప్పదు. అర్ధరాత్రి ఎర్రర్ బాక్స్ చూస్తూ పడే టెన్షన్ పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకే తెలుస్తుంది. తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా.

తప్పనిసరిగా కేబుల్‌తోనే చేయాల్సి వస్తే కొన్ని సరిచూసుకోవాలి. ఐప్యాడ్‌లో ఫొటోస్ సెట్టింగ్స్ చివర్న ‘ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ’ అని ఉంటుంది. అది ‘ఆటోమేటిక్’లో ఉంటే హెచ్‌ఈఐసీ (ఐఫోన్, ఐప్యాడ్ కెమెరాలు దాచే రకం) ఫొటోలను దారిలోనే జేపెగ్‌గా మార్చి పంపాలని చూస్తుంది. కాపీ మధ్యలో తెగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ‘కీప్ ఒరిజినల్స్’ పెడితే ఉన్నది ఉన్నట్టు పంపుతుంది. ఐక్లౌడ్‌లో ‘ఆప్టిమైజ్ స్టోరేజ్’ ఆన్ చేసి ఉంటే అసలు ఫైల్ టాబ్లెట్‌లో లేకపోవచ్చు. అప్పుడు స్క్రీన్ మీద కనిపించే ఫొటో కంప్యూటర్‌లో కనిపించదు. ఆండ్రాయిడ్‌లో కేబుల్ పెట్టగానే సాధారణంగా ఛార్జింగ్ మాత్రమే మొదలవుతుంది. పైనుంచి నోటిఫికేషన్ లాగి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి. అప్పుడే కార్డు నుంచి దించిన ఫైళ్లు కొన్ని కనిపించకపోతే టాబ్లెట్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఆ ఫైళ్లు సిస్టం జాబితాలోకి ఎక్కేదాకా ఎంటీపీ వాటిని చూపించదు.

కేబుల్ సంగతి విడిగా చెప్పాలి, సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. రెండు వైపులా టైప్-సి ఉన్నంత మాత్రాన అది వేగంగా పనిచేసే కేబుల్ అనుకోవద్దు. ఛార్జింగ్ కోసం డబ్బాలో ఇచ్చే చాలా కేబుళ్లలో డేటాకు ఉండేది యూఎస్‌బీ 2.0 వేగమే, అంటే కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు (ఎనిమిది మెగాబిట్లు ఒక ఎంబీ). వాస్తవంగా చేతికొచ్చేది సెకనుకు 30, 40 ఎంబీ. 24 మెగాపిక్సెల్ కెమెరా రా ఫైల్ ఒక్కోటి ఇంచుమించు 25 ఎంబీ నుంచి 50 ఎంబీ దాకా ఉంటుంది. 60 జీబీ పెళ్లికి అన్నీ సవ్యంగా సాగినా అరగంట. కొన్ని చవక కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. ఛార్జింగ్ ఎక్కుతుంది, కంప్యూటర్‌కు మాత్రం టాబ్లెట్ ఉన్నట్టే తెలియదు. నేను డేటా కేబుల్‌కు ఎర్ర టేపు చుట్టి విడిగా పెట్టుకుంటాను.

ఇక నేను స్థిరపడిన పద్ధతి. టాబ్లెట్‌కు ఒక టైప్-సి హబ్ (ఒక పోర్టుకు పలు పరికరాలను కలిపేది), దానికి కార్డ్ రీడర్, ఎస్‌ఎస్‌డీ, పక్కన ఒక పవర్‌బ్యాంక్. పవర్‌బ్యాంక్ ఎందుకంటే, కార్డ్ రీడర్‌ను, ఎస్‌ఎస్‌డీని టాబ్లెట్ బ్యాటరీ ఒక్కటే నడపాల్సి వస్తే ఎస్‌ఎస్‌డీ ఉన్నట్టుండి డిస్‌కనెక్ట్ అవుతుంటుంది. గాలీవానా మొదలైతే ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, గోడ ప్లగ్గును నమ్ముకోలేం. ఐప్యాడ్‌లో 2019లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్ బయటి డ్రైవ్‌లను చదువుతుంది, రాస్తుంది. ఫొటోస్ యాప్ జోలికి పోకుండా కార్డులోని ఫోల్డర్‌ను అలాగే ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేస్తాను. ఆటోలాక్ ఆపి, స్క్రీన్ వెలుగుతూనే ఉంచుతాను. ఎస్‌ఎస్‌డీని ముందే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవాలి. విండోస్‌లో సాధారణంగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లోకి ఐప్యాడ్ రాయలేదు. పాత ఫ్యాట్32 పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. రా ఫొటోలకు అడ్డు రాకపోయినా పెళ్లి వీడియో దగ్గర ఆగిపోతుంది.

ఈ పద్ధతికి అసలు పరీక్ష కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో. ఏకాదశ రుద్రుల ప్రభలు (ఊరేగింపుగా మోసుకొచ్చే ఎత్తైన, అలంకరించిన చట్రాలు) వరిచేల మధ్య నుంచి వస్తుంటే, గంగలకుర్రు ప్రభలను భుజాల మీద మోస్తూ కౌశిక నది దాటిస్తుంటే షటర్ మీద నుంచి వేలు తీయబుద్ధి కాదు. కార్డులు చకచకా నిండిపోతాయి. ఆ జనంలో ఫోన్ సిగ్నలే సరిగా దొరకదు, ఇక క్లౌడ్ సంగతి ఆలోచించనక్కర్లేదు. చెట్టు కింద కూర్చుని ఒక కార్డు కాపీ అవుతుండగానే ఇంకో కార్డుతో తీసుకోవచ్చు. ఎండకు టాబ్లెట్ వేడెక్కితే కాపీ నెమ్మదిస్తుంది, దాని మీద తువ్వాలు కప్పకుండా నీడలో పెట్టండి.

క్లౌడ్ గురించి ఒక్క లెక్క చాలు. అప్‌లోడ్ సెకనుకు 10 మెగాబిట్లు నిలకడగా అందినా 60 జీబీకి 13 గంటలు దాటుతుంది. ఏరిన పది ఫొటోలు పంపడానికి బాగుంటుంది, అంతే.

కంప్యూటర్‌లోకి వచ్చాక ‘ఫైళ్లు పాడయ్యాయి’ అని కంగారు పడే సందర్భాలు కొన్ని ఉన్నాయి. విండోస్‌లో ఫొటోకు బదులు ఉత్త ఐకాన్ కనిపిస్తే ఫైల్ బాగానే ఉండి ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికే ‘రా ఇమేజ్ ఎక్స్‌టెన్షన్’ వేసుకుంటే చాలా కెమెరాల ఫైళ్లు కనిపిస్తాయి. మా ఆల్బం డిజైనర్ ఒకసారి ఫోన్ చేసి, “ఏవండీ, ఒక్క ఫైలూ ఓపెనవ్వట్లేదండి, మళ్లీ పంపుతారా” అన్నారు. అవి కానన్ కెమెరాల రా రకమైన సీఆర్3 ఫైళ్లు. ఆ రకం 2018లో ఈఓఎస్ ఎం50 కెమెరాతో మొదలైంది, ఆయన వాడేది అంతకు ముందటి సాఫ్ట్‌వేర్. అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో, పాత సాఫ్ట్‌వేర్ కూడా చదివే డీఎన్‌జీ రకంలోకి మార్చాక అన్నీ తెరుచుకున్నాయి. మ్యాక్‌కు పెట్టి తెచ్చిన ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లో చుక్కతో మొదలయ్యే చిన్న చిన్న ఫైళ్లు అవే పేర్లతో కనిపించవచ్చు. వాటిలో ఫొటో ఉండదు, లెక్కలోకి తీసుకోకండి.

దీనికి తలకిందులుగా జరిగేదే అసలు ప్రమాదం. రా ఫైల్ లోపల చిన్న జేపెగ్ ఒకటి దాగి ఉంటుంది. సగమే కాపీ అయిన ఫైల్‌కు కూడా ఆ జేపెగ్ వల్ల బొమ్మ చక్కగా కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో తెరిచాకే కింది సగం బూడిద రంగులోనో గులాబీ రంగులోనో బయటపడుతుంది. అందుకే ఆ చిన్న బొమ్మ (థంబ్‌నెయిల్) చూసి నమ్మను. కార్డులోనూ ఎస్‌ఎస్‌డీలోనూ ఫైళ్ల సంఖ్య, మొత్తం బైట్లు సరిపోవాలి. ఎస్‌ఎస్‌డీ నుంచి కంప్యూటర్‌కు వేసేటప్పుడు టెరాకాపీ లాంటి ప్రోగ్రాంలో ‘వెరిఫై’ పెడతాను. అది రెండు వైపులా ఫైల్‌ను చదివి పోల్చి చెబుతుంది. కంప్యూటర్‌లో ఒకటి, ఎస్‌ఎస్‌డీలో ఒకటి ఉన్నాయని తేలేదాకా కార్డును ఫార్మాట్ చేయను, ఇంకో కార్డు కొనాల్సి వచ్చినా సరే.

ఈ పని కోసం కొత్తగా టాబ్లెట్ కొనేవాళ్లు స్క్రీన్ సైజు కంటే ముందు పోర్టు వేగం చూడండి. 2022లోనే వచ్చిన రెండు ఐప్యాడ్‌లలో పదో తరం మామూలు ఐప్యాడ్‌కు టైప్-సి పోర్టు ఉన్నా వేగం సెకనుకు 480 మెగాబిట్లే, ఐదో తరం ఐప్యాడ్ ఎయిర్‌కు 10 గిగాబిట్లు. కార్డు, ఎస్‌ఎస్‌డీ ఎంత మంచివైనా ఫైళ్లన్నీ ఆ పోర్టు గుండానే వెళ్లాలి. నెలకు ఒకటీ అరా ఫంక్షన్ చేసేవాళ్లకు మొదటిలాంటి పోర్టు సరిపోతుంది. మాఘమాసంలో వరసగా ముహూర్తాలు ఉండేవాళ్లు రెండోలాంటి వేగమైన పోర్టున్నదానికి డబ్బు పెట్టడమే మంచిది.