అయిదున్నర శ్రుతిలో ఒక చిన్న పెట్టె: ఎలక్ట్రానిక్ తంబూరా, రెండేళ్ల వాడకం తర్వాత

రెండేళ్ల క్రితం శ్రావణ మాసంలో ఒక ఎలక్ట్రానిక్ తంబూరా కొన్నాను. అప్పటికి నేను పాట మానేసి పంతొమ్మిదేళ్లయింది. నాన్నగారికి పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. ఫిజియోథెరపీ, మందులు, మాట తిరిగి రావడానికి చెప్పిన అభ్యాసాలు అన్నీ వేళకు చేయిస్తూనే ఉన్నా, ఆయన ఆరోగ్యంలో వచ్చే మార్పుకూ నా శ్రమకూ పొంతన లేదని అర్థమైపోయిన రోజులవి. ఆఫీసులో చేసే పని ఎవరికి ఉపయోగపడుతోందో తెలియని నిస్సారం ఒక పక్క, ఇంట్లో ఈ చేతకానితనం ఒక పక్క. పొద్దున కళ్లు తెరవగానే, ఈ రోజు దేనికోసం లేవాలి అనిపించేది. అలాంటి స్థితిలో ఉన్న మనిషికి ఈ పెట్టె ఏ మేరకు అక్కరకు వస్తుంది, ఎక్కడ రాదు అన్నదే ఈ సమీక్ష. సంగీతం రానివారు కూడా చదవవచ్చు. నేను దీన్ని వాడిన పద్ధతికి విద్వత్తు కన్నా, రోజూ ఒకే వేళకు వచ్చి కూర్చోవడమే ఎక్కువ అవసరమైంది.

ముందుగా వస్తువు సంగతి. అసలు తంబూరాకు నాలుగు తీగలు ఉంటాయి. పంచమం (ప), రెండు షడ్జమాలు (స), చివర మంద్ర షడ్జమం (కింది స); పాటకు ఆధారమైన శ్రుతి తెగకుండా వినిపించేలా వీటిని వరుసగా, తొందర లేకుండా మీటుతూ పోవడమే దాని పని. తీగలను మోసే గుర్రం అనే మెట్టు మీద తీగ కింద పెట్టే చిన్న దారపు పోగును జీవా అంటారు. ఆ పోగు సరైన చోట కుదిరినప్పుడే తీగలోంచి ఆ తేనెటీగల ఝుంకారం లాంటి నాదం పుడుతుంది. దాన్ని కుదర్చడానికి ఓపిక కావాలి, చెవి కావాలి, అన్నిటికన్నా ముందు ఇంట్లో ఆ పొడుగాటి వాయిద్యాన్ని నిలబెట్టే చోటు కావాలి. ఇంజనీరూ, వేణుగాన విద్వాంసుడూ అయిన జి. రాజ్ నారాయణ్ 1979లో బెంగళూరులో ఎలక్ట్రానిక్ తంబూరాను రూపొందించినప్పటి నుంచి ఆ నాదం చిన్న పెట్టెలోకి వచ్చింది. ఆయన స్థాపించిన రాడెల్ సంస్థతో పాటు ఇప్పుడు మరికొందరు కూడా వీటిని తయారు చేస్తున్నారు. నా దగ్గరున్నది ఏ కంపెనీది అనేది పక్కన పెడుతున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయే గుణదోషాలు ఈ జాతి పెట్టెలన్నిటికీ ఇంచుమించు ఒకటే. శ్రుతిని పెంచి తగ్గించడానికి ఒక నాబ్, దానినే సన్నగా సవరించుకోవడానికి ఇంకొకటి, మీటు వేగానికి ఒకటి, ధ్వనికి ఒకటి, మొదటి తీగను పంచమంలోనో మధ్యమంలోనో ఉంచుకోవడానికి ఒక స్విచ్చి. పెట్టె ఒక లావు నిఘంటువు అంత ఉంటుంది. దేవుడి గదిలో గూటిలో పెట్టుకోవచ్చు.

ఇది నేను కొన్న రెండో పెట్టె అని చెప్పడం అవసరం. మొదటిదాన్ని ఒక దుకాణంలో చవగ్గా వస్తోందని కొన్నాను. దాని అడాప్టర్ గుమ్మని మోగేది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది కనుక, నాసిరకం అడాప్టర్ల నుంచి వచ్చే మోత తరచుగా దానికి రెట్టింపు, అంటే 100 దగ్గర వినిపిస్తుంది. నా గొంతుకు సరిపడే ఆధార స్థాయి, హార్మోనియం మెట్ల లెక్కలో అయిదున్నర శ్రుతి; అందులో మంద్ర షడ్జమం సుమారు 104. ఈ రెండూ పక్కపక్కనే నిలబడి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటే గొంతు ఏ షడ్జమాన్ని పట్టుకోవాలో తెలియక, నా చెవే పాడైందని పది రోజులు బాధపడ్డాను. దుకాణంవారు మార్చి ఇవ్వలేదు. అసలే తన మీద తనకు నమ్మకం సడలిన మనిషికి ఇటువంటి వస్తువు చేసే కీడు దాని ధర కన్నా చాలా పెద్దది. తప్పు పరికరంలో ఉన్నా, ఆ మనిషి దాన్ని తనలోనే వెతుక్కుంటాడు. అందుకే ఈ ఒక్క విషయంలో చవకకు పోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇక వాడకం. తెల్లవారుజామున అయిదుంపావుకు, నాన్నగారిని లేపడానికి ముందు, పెట్టె మీట నొక్కి అయిదు నిమిషాలు నోరు విప్పకుండా కూర్చుంటాను. ఈ అయిదు నిమిషాలను నేను ఎవరూ చెప్పకుండానే పెట్టుకున్నాను, మొదటి వారం గొంతు విప్పడానికి ధైర్యం చాలక. ఆ తర్వాత ధైర్యం వచ్చినా వదులుకోలేదు. నాలుగు తీగల వరుస పూర్తయ్యేసరికి ఒక ఊపిరి లోపలికి, మరో వరుసకు ఒక ఊపిరి బయటికి. పెట్టె ఏమీ అడగదు. నిన్న రాలేదేమని అడగదు, బాగా పాడావని మెచ్చుకోదు. షడ్జమం తన చోట తాను ఉంటుంది. రోజంతా ఇతరుల అవసరాలకు, ఇతరుల ముఖాల్లోని మార్పులకు లోబడి బతికే మనిషికి, తననుంచి ఏమీ కోరని ఒక స్థిరమైన వస్తువు సమక్షంలో అయిదు నిమిషాలు కూర్చోవడం ఎంత విశ్రాంతో అనుభవిస్తే తప్ప తెలియదు.

తర్వాత నోరు మూసుకునే హుంకారంతో, ఆపైన 'ఆ' అనే ఆకారంతో షడ్జమం పడతాను. నా షడ్జమం సెకనుకు ఇంచుమించు 208 కంపనాలు. నా గొంతు 205 దగ్గర ఆగిపోయిందనుకోండి, రెండు నాదాలకూ ఉన్న మూడు కంపనాల తేడా సెకనుకు మూడు అలలుగా వినిపిస్తుంది. చెవి పక్కన ఎవరో విసనకర్ర ఊపుతున్నట్టు ఉంటుంది. గొంతును ఒక్క పిసరు పైకి లేపితే ఆ ఊపు నెమ్మదిస్తుంది. రెండవుతుంది, ఒకటవుతుంది, ఆ తర్వాత ఉండదు. నా గొంతేదో పెట్టె గొంతేదో విడదీయలేని ఆ క్షణంలో రొమ్ము ఎముక మీద చెయ్యి ఆనిస్తే సన్నటి అదురు తెలుస్తుంది. శ్రుతి చేరడం అని మా గురువుగారు చిన్నప్పుడు వందసార్లు అన్న మాటకు అర్థం నాకు నలభై దాటాక చేతికి తగిలింది.

నా చేతకానితనానికి మందు పడింది ఇక్కడే అని నేను నమ్ముతున్నాను. నాన్నగారి కుడిచేయి విషయంలో ఆరు నెలల నా శ్రమకు ఏ జవాబూ రాలేదు. ఇక్కడ నేను చేసిన చిన్న సవరణకు అర సెకనులో జవాబు వచ్చింది. తప్పు వినిపించింది, దిద్దుకున్నాను, దిద్దుబాటు కూడా వినిపించింది. ప్రపంచంలో నా ప్రయత్నం లెక్కకు వచ్చే చోటు ఒకటి ఉందని ప్రతి ఉదయం ఒంటికి తెలియజెప్పడం వల్ల, తర్వాత ఆయన చేతికి నూనె రాసి వేళ్లు సాగదీసేటప్పుడు ఫలితం కోసం పళ్లు బిగించడం తగ్గింది. ఆయన చేయి మెరుగుపడిందా అంటే పెద్దగా లేదు. నేను ఆ చేతిని పట్టుకునే తీరు మారింది.

ఆపైన సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు. పురందరదాసు క్రమపరిచాడని చెప్పుకునే ఆ మాయామాళవగౌళ రాగ స్వరాలనే, పిల్లలు పాడుకునేవాటినే, మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడతాను. వర్ణాలూ కృతులూ పాడగలిగినదాన్ని మళ్లీ మొదటి మెట్టు మీద కూర్చోవడం మొదట నామోషీగా అనిపించింది. కానీ నాలాగా తడబడుతున్నవారికి ఇదే సరైన చోటు. సరళీ వరుసను ఎవరూ కచేరీలో పాడరు, దానికి చప్పట్లు లేవు, పోటీ లేదు. మెప్పు అనేది ఆ ప్రాంతానికే రాదు కాబట్టి అక్కడ మిగిలేది పని ఒక్కటే. నేను విజయనగరంలో పుట్టి పెరిగాను. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామినాయుడుగారు మొదట వయొలిన్ ఆచార్యులుగా, తర్వాత ప్రిన్సిపాల్‌గా ఉన్న సంగీత కళాశాల మా ఊళ్లోనే ఉంది. బడికి వెళ్తూ ఆ గోడ పక్క నుంచి పోతుంటే వినిపించేది గొప్ప రాగాలాపనలు కాదు, ఎవరో ఒకరు ఒకే వరుసను పదే పదే చేస్తున్న సాధకం. అంత గొప్ప చోట కూడా రోజువారీ శబ్దం అదేనని అప్పుడు తట్టలేదు.

మొదటి కాలంలో ఒక్కో స్వరాన్ని ఒక పూర్తి అక్షరం, అంటే తాళంలో ఒక దెబ్బ పాటు నిలపాలి. అందుకు ఊపిరిని సన్నగా, పొడుగ్గా వదలాలి. నెమ్మదైన నిశ్వాసంలో గుండె వేగం తగ్గడం శరీరధర్మం. అరగంట సాధకం తర్వాత కలిగే నిమ్మళంలో దాని వాటా ఎంతో ఉంది. సంగీతం రానివారు ఒక్క షడ్జమాన్నే పదిహేను నిమిషాలు పట్టుకున్నా ఈ భాగం వారికీ దక్కుతుంది.

సభాకంపం గురించి కాస్త ఎక్కువగానే రాయాలి, ఎందుకంటే పంతొమ్మిదేళ్లు నా నోరు కట్టేసింది అదే. ఇరవై రెండేళ్ల వయసులో మా వీధి రామకోవెలలో త్యాగరాజ ఆరాధన నాడు పాడడానికి కూర్చున్నాను. పల్లవి బాగానే ఎత్తుకున్నాను. అనుపల్లవిలో పై షడ్జమం దగ్గర గొంతు పట్టేసింది. నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. వయొలిన్ వాయిస్తున్న పెద్దాయన ఆ ఖాళీని తన కమానుతో నింపి నన్ను కాపాడారు, ఎవరూ నవ్వలేదు. అయినా ఇంటికి వచ్చి శ్రుతిపెట్టెను అటక మీద పెట్టేశాను. ఉద్యోగంలో నలుగురి ముందు లేచి మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా ఆ తెరిచిన నోరే గుర్తుకు వచ్చేది.

ఎలక్ట్రానిక్ తంబూరా సభాకంపాన్ని పోగొట్టదు. అది చేసిన మేలు వేరు. ఎవరి ముందు పాడినా మొదటి మెట్టు ఒకటే అయ్యేలా చేసింది. మూడు నెలల ఒంటరి సాధకం తర్వాత పెట్టెను నాన్నగారి మంచం పక్కకు మార్చాను. ఆయనకు మాట లేదు, అందువల్ల అభిప్రాయం చెప్పరు. నా తొలి శ్రోతగా అంతకన్నా సురక్షితమైన మనిషి దొరకడు అన్న స్వార్థంతోనే మొదలుపెట్టాను. నాలుగో రోజు ఆదితాళంలో ఒక చిన్న కృతి పాడుతుంటే ఆయన ఎడమచేయి దుప్పటి మీద దెబ్బ వేసింది. తాళానికి కొంచెం వెనకబడింది, వేళ్లు లెక్కించడం రాలేదు, కానీ తాళం మొదలయ్యే సమం దగ్గర ప్రతిసారీ ఆ చేయి పడింది. మేమిద్దరం కలిసి ఒక పని చేయడం ఏడాదిన్నరలో అదే మొదటిసారి. అప్పటివరకు నేను చేయడం, ఆయన చేయించుకోవడం. పాట దేనికి అన్న ప్రశ్నను నేను మళ్లీ వేసుకోలేదు.

ఆ తర్వాత వారానికొకసారి ఇద్దరు స్నేహితురాళ్లు, కొన్నాళ్లకు అపార్ట్‌మెంట్‌లో పదిమంది. ప్రతిచోటా పెట్టె నాతో వచ్చింది, ప్రతిచోటా మొదటి అయిదు నిమిషాలు నోరు విప్పకుండా వినడమే. మొన్న పుష్యమాసంలో బహుళ పంచమి నాడు, ఇక్కడ విశాఖలో ఒక చిన్న ఆరాధనలో పాడాను. చేతులు చల్లబడ్డాయి, నాలుక ఎండిపోయింది, అవేవీ తగ్గలేదు. కానీ షడ్జమం పట్టగానే ఆ విసనకర్ర ఊపు వినిపించింది, దాన్ని ఎలా ఆపాలో నా గొంతుకు తెలుసు. ఎదురుగా ఉన్నవారి ముఖాల మీద ఉండవలసిన ధ్యాస ఆ అల మీదికి పోయింది. పై షడ్జమం కాస్త తక్కువగానే పలికింది. పాట ఆగలేదు.

లోపాలు కూడా చెప్పాలి. అసలు తంబూరాలో ప్రతి మీటూ వేలి ఒత్తిడిని బట్టి కొద్దిగా తేడాగా ఉంటుంది, పెట్టెలో ఆ ప్రాణం తక్కువ. గంట దాటి వింటే చెవి అలసిపోతుంది, కాబట్టి నలభై నిమిషాలకు ఆపేయడం మేలు. ధ్వని పెంచి వింటే గొంతులోని తప్పులను అది కప్పేస్తుంది; మన గొంతు కన్నా ఒక మెట్టు కిందనే ఉంచుకోవాలి. స్వరాన్ని కదిలించే గమకం తప్పిందని, అక్షరం నలిగిందని అది చెప్పలేదు, దానికి గురువు కావలసిందే. ఫోన్‌లో ఇదే పని చేసే యాప్‌లు ఉన్నాయి కదా అని అడిగేవారికి నా జవాబు, ఉన్నాయి, శ్రుతి కూడా సరిగ్గానే ఉంటుంది, కానీ షడ్జమం మధ్యలో ఆఫీసు సందేశం మోగే పరికరంతో ఈ అలవాటు నిలవదు. ఇంకొక మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. బతుకే వద్దనిపించేంత చీకటిలో ఉన్నవారు, నిద్రా తిండీ పోయినవారు, పెట్టె కొనడానికి ముందు వైద్యుణ్ణి కలవాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవలో తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. నేను కూడా ఆ మొదటి ఏడాది డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను, మందులతో పాటే ఈ సాధకం సాగింది.

కొనదలచినవారు దుకాణంలో పెట్టెను కరెంటుకు తగిలించి, మీ శ్రుతిలో పెట్టి, కనీసం అయిదు నిమిషాలు మౌనంగా వినండి. తర్వాత మీట్ల ధ్వని పూర్తిగా తగ్గించి వెనక మోత ఏమైనా మిగులుతుందేమో చూడండి. బ్యాటరీతో కూడా నడిచేదే తీసుకోండి, మన దగ్గర తెల్లవారుజామున కరెంటు పోతే ఆ పూట అలవాటు కూడా పోతుంది. ఇంటికి తెచ్చాక శ్రుతి నాబ్ పక్కన మీ స్థానానికి ఒక గుర్తు పెట్టుకోండి, చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. నేను గోళ్లరంగుతో ఎర్రచుక్క పెట్టుకున్నాను. బొటనవేలు తగిలి తగిలి అది అరిగిపోతుంటే ఈ రెండేళ్లలో రెండుసార్లు మళ్లీ పెట్టుకున్నాను.