థేమ్స్ కరకట్ట మీద గైడు నడక: గోడ పైభాగమే చూపించారు

లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ వంతెన నుంచి బ్లాక్‌ఫ్రయర్స్ దాకా, థేమ్స్ ఉత్తరపు ఒడ్డున విక్టోరియా కరకట్ట మీదుగా గైడు వెంట సాగే రెండు గంటల నడకకు ఈ మధ్య వెళ్ళాను. చరిత్ర చెప్పడంలో ఆ గైడుకు వంక పెట్టలేము. 1858 వేసవిలో నది కంపుకు పార్లమెంటు సభ్యులు సైతం తాళలేకపోయిన సంగతితో మొదలుపెట్టి, ఇంజనీరు జోసెఫ్ బాజల్‌గెట్ మురుగును నగరం నడుమ నదిలో కలవనీయకుండా తూర్పుకు మళ్ళించే కాలువను ఈ గోడ వెనకే ఎలా ఇమిడ్చారో, దాని పక్కనే భూగర్భ రైలుకు ఎలా చోటు చేశారో విడమరచి చెప్పారు. 1870లో ప్రారంభమైన ఈ కట్టడం చూసేవారికి షికారు బాటే గానీ, దీని అసలు పని నేటికీ మన కాళ్ళ కిందే సాగుతోంది.

నాకు అన్నిటికంటే నచ్చినది కరకట్ట పక్కనున్న తోటలోని యార్క్ జలద్వారం. సుమారు 1626లో కట్టిన ఈ రాతి తోరణం దగ్గరకు ఒకప్పుడు పడవలు నేరుగా వచ్చి ఆగేవి. ఇప్పుడు దాని ముందు పచ్చిక, ఆ పైన రోడ్డు, ఆ తరవాతే నది; నీళ్ళు నూరు మీటర్లకు పైగా దూరం జరిగాయి.

లోపం ఒక్కటే, కానీ చిన్నది కాదు. గోడ మీద నడిపించారు గానీ గోడ ముఖం చూపించలేదు. 1878లో ఈజిప్టు నుంచి తెచ్చి నిలబెట్టిన ప్రాచీన రాతి స్తంభం, క్లియోపాట్రా స్తంభం దగ్గర మాత్రం ఇరవై నిమిషాలు గడిపారు. నదివైపు గ్రానైటు మీద వరసగా అమర్చిన, తిమోతీ బట్లర్ మలచిన కంచు సింహాల తలలు పిట్టగోడ మీదికి వంగినా సరిగా కనబడవు. అందుకే మరునాడు ఆటు వేళ చూసుకుని మామూలు ప్రయాణికుల పడవ ఎక్కాను. గోడ కింది భాగం నాచు పట్టి తడిగా మెరుస్తోంది, పైభాగం పొడిగా, బూడిదరంగులో ఉంది. ఆ పైభాగంలో, పడవలు కట్టే కడియాలను నోట కరచుకున్న సింహాలు ఒక్కొక్కటిగా ఎదురయ్యాయి. అవి నీళ్ళు తాగిన నాడు లండన్ మునుగుతుందని అక్కడి నానుడి.

ఈ నడకకు ఐదుకు మూడున్నర ఇస్తాను. వెళ్ళేవారు పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ ప్రకటించే ఆటుపోట్ల పట్టిక చూసుకుని, నడక తరవాత పడవకు కూడా సమయం ఉంచుకోవాలి. నిర్వాహకులే ఆఖరి అరగంటను పడవ మీదికి మారిస్తే మిగిలిన ఒకటిన్నరా సంతోషంగా ఇచ్చేస్తాను.