మొల్ల, వకుళ, గోద: పాపకు ఏ పేరు మేలు?

పేరు అరుదుగా ఉండాలి, అలాగని ఎవరో అక్షరాలు అతికి పుట్టించినదై ఉండకూడదు, అడిగినవాళ్లకు అర్థం చెప్పగలగాలి. ఈ మూడు షరతులూ పెట్టుకుని వెతికితే చేతిలో మిగిలేవి కొన్నే. వాటిలో మూడింటిని ఇక్కడ పక్కపక్కన పెట్టి చూద్దాం. మొల్ల పువ్వు పేరు, వకుళ పూలచెట్టు పేరు, గోద పూలమాల ఇచ్చిన తల్లి పేరు. అర్థంలో ఏదీ ఏదానికీ తీసిపోదు. తేడా అంతా పిలుపులో, రాతలో వస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. విడి పేరుగా పెట్టాలంటే వకుళ. గోద ఒక్కటే కంటే గోదాదేవి నయం. మొల్ల మూడింటిలోకీ అందమైనది, ఇబ్బంది పెట్టడంలోనూ దానిదే పైచేయి.

మొల్ల సంగతి

అచ్చతెలుగు పేరు. మల్లె జాతి పువ్వు, సంస్కృతంలో కుందం. ప్రబంధాల్లో నాయికను కుందరదన అన్నారంటే ఆమె పలువరుస మొల్లమొగ్గల్లా ఉందని. ఈ పేరుకున్న గౌరవమంతా ఆతుకూరి కేసన కూతురు, కవయిత్రి మొల్ల తెచ్చిపెట్టింది. రామాయణాన్ని తెలుగు పద్యాల్లో చెప్పి, తనకు కవిత్వం గోపవరపు శ్రీకంఠ మల్లేశుడి వరంవల్ల అబ్బిందని రాసుకుంది. కడప జిల్లా బద్వేలు దగ్గరి గోపవరమే ఆమె ఊరంటారు. హైదరాబాదు ట్యాంక్‌బండ్ విగ్రహాల్లో ఆమెదీ ఒకటి. కాబట్టి తెలుగువాళ్ల మధ్య పెరిగే పిల్లకు ఈ పేరుతో పరిచయం చెప్పుకునే అవసరం రాదు. వినగానే ‘మొల్ల రామాయణమా?’ అంటారు.

చిక్కు ఇంగ్లీషు రాతలో ఉంది. ఎమ్, ఓ, రెండు ఎల్‌లు, ఎ. ఫారం నింపేవాళ్ల తొందరలో ఒక ఎల్ ఎగిరిపోతే అది ‘మొల’ అయి కూర్చుంటుంది. మొల అంటే నడుము, మేకు అని కూడా. బహువచనం చేస్తే ఆసుపత్రి బోర్డుల మీద కనిపించే జబ్బు. ఐదో తరగతి మగపిల్లలకు ఇంతకు మించిన సరుకు అక్కర్లేదు. తెలుగు నేల దాటితే మరో గొడవ: బెంగాల్లో మొల్లా అనేది ముస్లింల ఇంటిపేరు, అక్కడివాళ్లు మొదట దాన్ని ఇంటిపేరనే అనుకుంటారు. అమెరికాలో మోలా అంటారు, లేదా మాలీ చేస్తారు.

పేరు వదులుకోలేనంత ఇష్టమైతే ముందు ఏదైనా చేర్చడం మంచిది. ‘మొల్లశ్రీ’ కంటే ‘సిరిమొల్ల’ చెవికి బాగుంటుంది. సిరిమల్లె అన్న మాట అందరికీ అలవాటే కాబట్టి ఇది కొత్తగా ఉంటూనే ఇబ్బందిగా తోచదు, ఒక ఎల్ పోయినా పరువు దక్కుతుంది.

గోద: భక్తికి లోటు లేదు, స్పెల్లింగుకే

విష్ణుచిత్తుడికి శ్రీవిల్లిపుత్తూరు తులసివనంలో దొరికిన బిడ్డ పేరిది, ఆమే ఆండాళ్. తమిళంలో కోదై, అంటే పూలమాల. సంస్కృతంలో గోదా అని పలికి, ‘గో’ అంటే భూమి, వాక్కు, ఆవు అనే అర్థాలుండటంతో వాటిని ఇచ్చేది అని వ్యాఖ్యానం చెబుతారు. తాను ముడిచి విడిచిన మాలను స్వామికిచ్చిన ఆమె కథనే కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’గా తెలుగు చేశాడు. ధనుర్మాసం ముప్పై రోజులూ ఆమె పాశురాలే, భోగినాడు వైష్ణవాలయాల్లో ఆమె కల్యాణమే. ఇంతటి పేరు విడిగా ఎందుకు వినిపించదంటే, తెలుగులో ‘ద’ను పలకడం ఏమాత్రం మారినా అది గోడ. ఇంగ్లీషులో రాస్తే ఆ తేడా మొదలే కనిపించదు. హాజరు పట్టీ చదివే కొత్త టీచరు మొదటిరోజే గోడా అని పిలుస్తుంది; హిందీ వాతావరణంలో అయితే గుర్రం గుర్తుకొస్తుంది.

దీనికి మనవాళ్ల మామూలు విరుగుడు డి తర్వాత హెచ్ చేర్చడం. అక్కడా ఓ తిరకాసు ఉంది. అలా రాసినదాన్ని సంస్కృతం తెలిసినవారు ‘గోధా’ అని చదివితే దాని అర్థం ఉడుము. ఎవరూ అంత దూరం ఆలోచించరనుకోండి, కానీ పేరుకు అర్థం ఉండాలని పట్టుబట్టేవాళ్లు తెలుసుకుని పెట్టడం నయం. గోదాదేవి అని పూర్తిగా రాస్తే గోడ బెడద పోతుంది, ఎందుకంటే రెండో ముక్క చూడగానే మొదటిదాన్ని ఎలా పలకాలో తెలిసిపోతుంది. ఇంట్లో గోదమ్మా అని పిలుచుకోవచ్చు.

వకుళ ఎందుకు ముందుంది

వకుళం అంటే పొగడ చెట్టు. మీగడ రంగులో నక్షత్రాల్లాంటి చిన్న పూలు తెల్లవారేసరికి చెట్టు కింద రాలి ఉంటాయి. రాలిన పువ్వు నడుమ సహజంగానే చిల్లు ఉంటుంది కాబట్టి సూది లేకుండా దారానికి గుచ్చేయొచ్చు. ఎండిపోయి గోధుమరంగుకు తిరిగాక కూడా వాసన పోదు. మల్లెకూ మొల్లకూ లేని గుణం ఇది.

తిరుమల కథలో వకుళమాత శ్రీనివాసుణ్ణి పెంచిన తల్లి. కృష్ణుడి పెళ్లి చూడలేకపోయిన యశోదే మళ్లీ వకుళగా పుట్టి, ఈసారి తనే ఆకాశరాజు దగ్గరికి వెళ్లి పద్మావతితో సంబంధం మాట్లాడిందంటారు. తిరుపతి దగ్గర పేరూరు బండపై ఆమె ఆలయం 2022 జూన్‌లో మహాసంప్రోక్షణ జరిగి మళ్లీ తెరుచుకుంది. వైష్ణవ ఆళ్వార్లలో ఒకరైన నమ్మాళ్వారుకు వకుళాభరణుడని పేరు. అందుకే గోద అని పెట్టాలనుకుని గోడకు జంకే వైష్ణవ కుటుంబాలకు వకుళ సంప్రదాయంలోనే దొరికే దారి.

ఇంట్లో జరిపే సంస్కారాల నియమాలు చెప్పే గృహ్యసూత్రాల లెక్కకూ సరిపోతుంది. ఆడపిల్ల పేరు బేసి అక్షరాలతో, చివర ఆకారంతో ఉండాలని పారస్కరుడు చెప్పాడు. వకుళా మూడక్షరాలు, మొల్ల, గోద రెండేసి. అయితే శాస్త్రం పట్టుకుంటే పూర్తిగా పట్టుకోవాలి కదా: నక్షత్రం పేరు, చెట్టు పేరు, నది పేరు ఉన్న పిల్లను పెళ్లాడవద్దని మనుస్మృతి మూడో అధ్యాయంలో ఉంది. రోహిణులు, రేవతులు, తులసులు, కృష్ణవేణులు ఇంతమంది హాయిగా కాపురాలు చేసుకుంటున్నారు కాబట్టి ఆ మాట పక్కన పెట్టొచ్చు.

లోపం ఒకటుంది, ‘ళ’. ఇంగ్లీషులో అది ఎల్ అయిపోతుంది, దాన్నుంచి కంప్యూటరు మళ్లీ తెలుగులోకి తిప్పితే ‘వకుల’ అని వస్తుంది. పరువు పోయేంత తప్పు కాదు గానీ రేషన్ కార్డులో ఒకలా, ఓటరు కార్డులో ఒకలా పడితే చికాకు.

నక్షత్రం చూసేవాళ్లకు

రోహిణి రెండో పాదానికి ‘వా’, పుబ్బ మొదటి పాదానికి ‘మో’, శతభిషం మొదటి పాదానికి ‘గో’. హ్రస్వం, దీర్ఘం ఒకటేనని కొందరు సిద్ధాంతులు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు; బారసాలకు ముందే అడిగి ఉంచుకోండి. తమాషా ఏమిటంటే ఆండాళ్ పుట్టిన నక్షత్రం పుబ్బ. ఆ నక్షత్రానికి మో, టా, టీ, టూ తప్ప ‘గో’ లేదు. అంటే గోద నక్షత్రంలో పుట్టిన పిల్లకు అక్షరం ప్రకారం దక్కేది మొల్ల! అక్షరం కుదరకపోతే జన్మనామం వేరే పెట్టి బియ్యంలో రాయించి, పిలిచే పేరు నచ్చినది పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే.

ఎంత అరుదు?

పేర్ల వెబ్‌సైట్లు చూపే ‘పాపులారిటీ శాతాలు’ నమ్మకండి. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ శాఖ ఏటా పేర్ల లెక్క వేస్తుంది, అదీ ఏడాదిలో కనీసం ఐదుగురికి పెట్టిన పేర్లకే. మన దగ్గర అలాంటి పట్టికే లేనప్పుడు శాతం ఎక్కడిది? అంతకంటే నమ్మదగినది మీ పోలింగ్ బూత్ ఓటర్ల జాబితా. అందులో పేరు పక్కనే వయసు ఉంటుంది. ఒక పేరు అరవై దాటినవాళ్లకే ఉండి, పాతికలోపువాళ్లకు లేకపోతే అది పాతబడి అరుదైన పేరు, ఎక్కడా లేకపోతే ఎవరూ పెట్టని పేరు. వకుళ మొదటి రకం. వకుళాదేవి, వకుళమ్మ పాత తరంలో ఉన్నారు. మొల్ల రెండోదానికి దగ్గర.

రాయించేటప్పుడు

జననం 21 రోజుల్లోపు నమోదైతే రుసుము ఉండదు. పేరు తేలకపోతే ఖాళీగా వదిలేయొచ్చు, 12 నెలల్లోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో. కాబట్టి ఆసుపత్రిలో అడిగారని తోచింది చెప్పేయకండి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవారికి బడి, పాస్‌పోర్టు, ఓటు అన్నింటికీ ఈ ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం, ఇందులో పడ్డ అక్షరాలే తర్వాతి కాగితాలన్నింటికీ పాకుతాయి. న్యూమరాలజీ కోసం వకుళకు చివర ఇంకో ఎ తగిలిస్తే ఆధార్‌లో ఒక ఎ, పదో తరగతి మెమోలో రెండు ఎలు తేలి, వీసా వేళకు అఫిడవిట్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. తెలుగు రాతను ఇంగ్లీషు నుంచి తిప్పనివ్వకుండా, దరఖాస్తులో ‘ళ’ స్పష్టంగా మీ చేత్తోనే రాసి ఇవ్వండి. ధ్రువపత్రం చేతికొచ్చాక కౌంటరు దగ్గరే రెండు భాషల్లోనూ చదివి చూసుకోండి.