నాన్నతో హెర్షీ బేర్స్ మ్యాచ్: టికెట్ కొనే ముందు చదవండి

పెన్సిల్వేనియాలో హ్యారిస్‌బర్గ్, మెకానిక్స్‌బర్గ్ చుట్టుపక్కల మనవాళ్ళం చాలామందే ఉన్నాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే అందరి లిస్టూ దాదాపు ఒకటే. నయాగరా, న్యూయార్క్, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి, ఆ తర్వాత పక్కనే ఉంది కదా అని హెర్షీ చాక్లెట్ వరల్డ్. అక్కడ ఫొటోలు దిగి, సంచి నిండా చాక్లెట్లు కొనుక్కుని కారెక్కేస్తాం. నడిచి వెళ్ళేంత దూరంలో జెయింట్ సెంటర్ అనే పెద్ద స్టేడియం ఉంది. అందులో హెర్షీ బేర్స్ అనే ఐస్ హాకీ జట్టు ఆడుతుంది. ఏడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, 2025 దాకా నేను ఒక్కసారి కూడా లోపల అడుగు పెట్టలేదు.

2025 జనవరి 5, ఆదివారం మొదటిసారి వెళ్ళాం. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ళ పాప, విజయవాడ నుంచి వచ్చిన మా నాన్న. ఆ తర్వాత మార్చిలోపు ఇంకో నాలుగు మ్యాచ్‌లు చూశాం. ఆ అయిదు మ్యాచ్‌ల అనుభవంతో రాస్తున్నాను.

మమ్మల్ని పంపించింది మా పక్కింటి పెద్దాయన. వాళ్ళ నాన్నగారు హెర్షీ చాక్లెట్ ఫ్యాక్టరీలో పనిచేశారట. చిన్నప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని పాత అరీనాలో మ్యాచ్‌లు చూసిన మనిషి. మా నాన్న శాలువా కప్పుకుని వరండాలో కూర్చుంటే వచ్చి పలకరించేవారు. నాన్నది రైల్వే స్కూల్ ఇంగ్లిష్, ఆయనది పెన్సిల్వేనియా యాస. అయినా గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. ఈ జట్టు కథలో సగం నేను ఆ వరండాలోనే విన్నాను, మిగతాది తర్వాత కూర్చుని చదువుకున్నాను.

మిల్టన్ హెర్షీ తన చాక్లెట్ ఫ్యాక్టరీ చుట్టూ ఒక ఊరే కట్టించాడు. బడి, పార్కు, హోటల్ అన్నీ ఆయన వేసినవే. 1931 నవంబరులో అక్కడి ఐస్ ప్యాలెస్‌లో ఒక అమెచ్యూర్ హాకీ మ్యాచ్ పెట్టించారు. జనం బాగా రావడంతో 1932లో ఊరికి సొంత జట్టు వచ్చింది. దాని మొదటి పేరు హెర్షీ బార్స్, అంటే చాక్లెట్ బార్ అన్నమాట. ఇది పేరా, వ్యాపార ప్రకటనా అని విమర్శలు రావడంతో 1936లో బేర్స్ అని మార్చారు. అలా చాక్లెట్ కాస్తా ఎలుగుబంటి అయింది.

అదే ఏడాది డిసెంబరులో కొత్త అరీనాలోకి మారారు. గ్రేట్ డిప్రెషన్‌తో దేశమంతా పనులు లేక అల్లాడుతున్న రోజులవి. ఊళ్ళో వాళ్ళకి పని దొరకాలని హెర్షీ వరసగా భవనాలు కట్టిస్తూ పోయాడు, ఈ అరీనా అందులో ఒకటి. ఆంటన్ టెడెస్కో అనే ఇంజనీరు డిజైన్ చేసిన కాంక్రీటు పైకప్పు పీపాని నిలువునా కోసి బోర్లించినట్టు ఉంటుంది. మందం మూడున్నర అంగుళాలే, మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. కింద ఏడు వేల పైచిలుకు మంది కూర్చునేవాళ్ళు. బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్ళకి ఇంకో మాట చెప్పాలి. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లిన్ ఒకే మ్యాచ్‌లో వంద పాయింట్లు కొట్టింది ఈ కప్పు కిందే. ఆ రోజు ప్రేక్షకులు 4,124 మంది. ఆ మ్యాచ్ వీడియో లేదు. మా పక్కింటాయనకి మటుకు ఆ అరీనా అంటే హాకీయే.

బేర్స్ 1938లో ప్రొఫెషనల్ లీగ్‌లో చేరారు. ఇప్పుడు దాని పేరు అమెరికన్ హాకీ లీగ్, ఏహెచ్‌ఎల్. అప్పటినుంచి ఇప్పటిదాకా అదే ఊరు, అదే జట్టు. ఆ లీగ్‌లో జట్లు ఊళ్ళు మారడం, మూతపడటం, పేరు మార్చుకుని ఇంకోచోట తేలడం మామూలే. వేరే ఊరికి కదలకుండా అన్నాళ్ళు ఆడిన జట్టు ఇంకోటి లేదు. ఆ ఊరి జనాభా ఎంతని నాన్న అడిగారు. పదిహేను వేల లోపే. "మన మంగళగిరి కంటే చిన్నది!" అని చాలాసేపు దాని గురించే మాట్లాడారు.

ఏహెచ్‌ఎల్ అంటే అన్నిటికన్నా పెద్ద లీగైన నేషనల్ హాకీ లీగ్, ఎన్‌హెచ్‌ఎల్‌కి కింది మెట్టు. ప్రతి ఏహెచ్‌ఎల్ జట్టుకీ పైన ఒక పెద్ద జట్టు ఉంటుంది. బేర్స్‌కి 2005 నుంచి అది వాషింగ్టన్ క్యాపిటల్స్. అంతకుముందు కొలరాడో, దానికి ముందు ఫిలడెల్ఫియా. పైవాళ్ళకి ఎవరికైనా దెబ్బ తగిలితే ఇక్కడి కుర్రాడికి ఫోన్ వస్తుంది, వాడు ఆ రాత్రే బ్యాగు సర్దుకుని వెళ్ళిపోతాడు. ఇది అర్థమైతేనే బేర్స్ మ్యాచ్ అర్థమవుతుంది. మీ పాపకి బాగా నచ్చిన ఆటగాడు వచ్చే వారం ఇక్కడ ఉంటాడన్న గ్యారంటీ లేదు. మా పాపకి అదే జరిగింది, రెండు రోజులు మొహం ముడుచుకుని కూర్చుంది. మా నాన్న కుర్రతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్ గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడినవారు. డివిజన్ జట్టులోనే ఉండిపోయి, జోన్ జట్టుకి వెళ్ళిన స్నేహితుణ్ణి స్టేషన్‌కి వెళ్ళి రైలెక్కించిన మనిషి. పాపని ఒళ్ళో కూర్చోపెట్టుకుని, "వాడు వెళ్ళాడంటే మనం బాగా చూసుకున్నామనేగా తల్లీ" అన్నారు.

2018లో వాషింగ్టన్ ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచినప్పుడు గోల్ దగ్గర నిలబడ్డ బ్రేడెన్ హోల్ట్‌బీ, డిఫెన్స్‌లో ఆడిన జాన్ కార్ల్‌సన్ ఇద్దరూ ముందు హెర్షీలో ఆడినవాళ్ళే. అయినా నాకు ఎక్కువ నచ్చింది ఫ్రాంక్ మేథర్స్ కథ. 1956లో ఆటగాడూ కోచూ తనే అయి ఇక్కడికి వచ్చాడు. కోచ్‌గా, జనరల్ మేనేజర్‌గా, ప్రెసిడెంట్‌గా 1991 వరకు ఇక్కడే ఉండిపోయాడు. మరుసటి ఏడాది హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. ఉద్యోగాల కోసం ఊళ్ళు తిరిగే మాలాంటి వాళ్ళకి అలాంటి మనిషి గురించి చదివితే ఏదోలా ఉంటుంది.

ఇక కప్పులు. ఏహెచ్‌ఎల్ ట్రోఫీ పేరు కాల్డర్ కప్. బేర్స్ 1947లో మొదటిది, 2024లో పదమూడోది గెలిచారు. లీగ్‌లో ఎవరికీ అన్ని లేవు. 1988లో ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర కప్పు కోసం ఆడే పోటీల్లో, 12 మ్యాచ్‌లు ఆడి పన్నెండూ గెలిచారు. నాకు మటుకు ఓడుతూ లేచిన కథలే ఇష్టం. 2010 ఫైనల్లో టెక్సాస్ స్టార్స్ చేతిలో సొంత ఊళ్ళో మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడి, తర్వాత వరసగా నాలుగు గెలిచి కప్పు కొట్టారు. 2023 ఫైనల్లో కాలిఫోర్నియా జట్టు కోచెల్లా వ్యాలీ మొదటి రెండు మ్యాచ్‌ల్లో 5-0, 4-0తో చితక్కొట్టింది. సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్ళింది. అక్కడా 0-2తో వెనకబడి, స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో మైక్ వెక్కియోన్ గోల్‌తో కప్పు ఎత్తుకొచ్చారు. మరుసటి ఏడాది ఫైనల్లో మళ్ళీ అదే కోచెల్లా, మళ్ళీ ఓవర్‌టైమ్, ఈసారి గోల్ కొట్టింది మ్యాట్ స్ట్రోమ్. జెయింట్ సెంటర్‌లో మీ సీట్లో కూర్చుని తలెత్తితే ఆ ఏళ్ళన్నీ బ్యానర్ల మీద కనిపిస్తాయి. జట్టు ఇందులోకి మారింది 2002లో. హాకీకి పదివేల అయిదువందల మంది పడతారు.

మేం మొదటిసారి వెళ్ళిన రోజు మామూలు మ్యాచ్ కాదు, టెడ్డీ బేర్ టాస్. బేర్స్ మొదటి గోల్ కొట్టగానే జనమంతా వెంట తెచ్చిన బొమ్మల్ని మంచు మీదకి విసురుతారు. వాటిని పోగుచేసి పిల్లలకి, సేవాసంస్థలకి ఇచ్చేస్తారు. మా పాప పంచడానికని బూడిదరంగు ఏనుగు బొమ్మ ఒకటి కొనుక్కుంది. తీరా అక్కడికొచ్చాక దాన్ని వదలబుద్ధి కాలేదు. గోల్ పడింది. నాలుగువైపుల నుంచీ ఒక్కసారి బొమ్మలు లేచాయి. పెళ్ళిలో తలంబ్రాలు పోసినట్టు పోస్తూనే ఉన్నారు, తెల్లటి మంచు ఎక్కడా కనపడకుండా కప్పేసింది. పై వరసల వాళ్ళు విసిరినవి మా భుజాల మీద పడితే, వాటిని తీసి మేం ముందుకి విసిరాం. నాన్న లేచి నిలబడి రెండు చేతులతో విసురుతున్నారు. ఆఖరికి పాప ఏనుగుని ఒకసారి ముద్దు పెట్టుకుని తాతయ్య చేతికిచ్చింది, "నువ్వెయ్యి, నాకు అంత దూరం పోదు" అని. ఆ రోజు లెక్క తేలినవి 1,02,343 బొమ్మలు, ప్రపంచ రికార్డు. అంతకుముందు ఏడాది రికార్డు 74,599, అదీ వీళ్ళదే. అవన్నీ తీసేదాకా ఆట చాలాసేపు ఆగింది. ఒక్కరు కూడా విసుక్కోలేదు.

ఆట తెలియకపోతే బోరు కొడుతుందేమో అని నాకు టెన్షన్ ఉండేది. కొట్టదు. మూడు పీరియడ్లు, ఒక్కోటి 20 నిమిషాలు. జట్టుకి గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు. ముప్పావు నిమిషం ఆడేసరికి ఆయాసం వస్తుంది కాబట్టి ఆట నడుస్తుండగానే బెంచీ మీంచి దూకి మారిపోతుంటారు. పక్ అనేది మూడంగుళాల వెడల్పున్న నల్ల రబ్బరు బిళ్ళ. ఎగరకుండా ఉండటానికి ముందే ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తారు. కింది వరసల్లో కూర్చుంటే అది అద్దానికి తగిలినప్పుడు తుపాకీ పేలినట్టుంటుంది, మొదటిసారి నాన్న ఉలిక్కిపడి నా చెయ్యి పట్టేసుకున్నారు.

విరామంలో కాఫీకని బయటికి పోకండి, ఒక్కసారైనా జాంబోనీని చూడండి. ట్రాక్టరంత బండి. గీతలు పడ్డ మంచు పైపొరని బ్లేడుతో గీకి లోపలికి లాక్కుంటుంది, వెనక నుంచి వేడినీళ్ళు పరుచుకుంటూ పోతుంది. వేడినీళ్ళెందుకు అంటే, పాత మంచుని కొద్దిగా కరిగించి దానితో అతుక్కోవడానికి. బండి వెళ్ళిన దారంతా అప్పుడే అలికిన అరుగులా తడితడిగా మెరిసి, చూస్తుండగానే గట్టిపడుతుంది. నాన్న ఆ పదిహేను నిమిషాలూ కుర్చీలోంచి కదల్లేదు. "మీ నానమ్మ కూడా ఇలాగే, ఒక వరస మీద ఇంకో వరస కొంచెం ఎక్కేలా అలికేది" అన్నారు.

ఇక కొనేవాళ్ళకి. మొదటిసారి తొందరపడి ఒక రీసేల్ వెబ్‌సైట్‌లో కొన్నాను. చివరి పేజీలో ఫీజులన్నీ కలిపేసరికి ముందు చూపించిన రేటుకీ దానికీ పొంతనే లేదు, పైగా నాలుగు సీట్లలో ఒకటి వేరే వరసలో వచ్చింది. పక్క సీటావిడ పెద్దమనసుతో మారబట్టి సరిపోయింది. తర్వాతి నాలుగుసార్లూ నేరుగా అరీనా టికెట్లే తీసుకున్నాను. టెడ్డీ బేర్ మ్యాచ్‌కి మాత్రం చాలా ముందే తీసుకోండి. పిల్లలతో అయితే గోల్ వెనక, పది పన్నెండో వరస మంచిది. వల మీంచి అంతా కనిపిస్తుంది, అద్దం మోత కూడా అంత ఉండదు. పెద్దవాళ్ళకి మంకీ క్యాప్, మేజోళ్ళు తప్పనిసరి, పక్కనే మంచుగడ్డ పెట్టుకుని మూడు గంటలు కూర్చోవాలి. మా నాన్న శాకాహారి, పెరుగన్నం తినిపించే తీసుకెళ్ళాం.

వెళ్ళేటప్పుడు ఓ పావుగంట ముందు బయల్దేరి చాక్లెట్ ఎవెన్యూ మీదుగా వెళ్ళండి, అక్కడ వీధి దీపాలు కిసెస్ చాక్లెట్ ఆకారంలో ఉంటాయి. పాత అరీనా కూడా హెర్షీ పార్కు ఆవరణలోనే ఉంది. మేం కారాపి నాన్నకి ఆ పీపా కప్పు చూపించాం. మా పక్కింటాయన వాళ్ళ నాన్నగారితో కూర్చున్నది అక్కడేనంటే, కాసేపు అలాగే నిలబడి చూశారు.

నా రేటింగ్ ఐదుకి ఐదు. నాన్న మళ్ళీ అక్టోబరులో వస్తున్నారు, సీజన్ మొదలయ్యేదీ అప్పుడే. ఈసారి అయిదు టికెట్లు తీసుకుంటున్నాం, అయిదోది మా పక్కింటాయనకి.