డీడీయూ-జీకేవై ఉచిత శిక్షణ: ఏళ్ల తరబడి బ్యాచ్‌లు నడిపాక మా సమీక్ష

గ్రామీణ పేద యువతకు ఉచితంగా శిక్షణ ఇచ్చి ఉద్యోగంలో పెట్టే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014 సెప్టెంబరు 25న మొదలైంది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ పథకం ఇది. ఆంధ్రప్రదేశ్‌లో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు అమలు చూస్తాయి. 15 నుంచి 35 ఏళ్ల వాళ్లు అర్హులు. మహిళలకు, దివ్యాంగులకు, మరికొన్ని వర్గాలకు 45 దాకా సడలింపు ఉంది. కరపత్రాల్లో దొరికే సంగతులు దాదాపు ఇంతే. ఊళ్లో పేరు రాసుకున్న రోజు నుంచి మూడో జీతం పడేదాకా పిల్లల వెంట ఉండే సమన్వయకర్తల వైపు నుంచి ఈ పథకం ఎలా ఉంటుందో ఇక్కడ చెబుతున్నాం. శిక్షణకు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాం. ఉద్యోగంలో చేరాక వచ్చే మొదటి తొంభై రోజులకు రెండే. ఆ రెండును నాలుగు చేసే పని చాలావరకు సమన్వయకర్త చేతిలోనే ఉంది కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తున్నాం.

ముందు శిక్షణ. కోర్సులు 576 గంటల నుంచి 2,304 గంటల దాకా, అంటే సుమారు మూడు నెలల నుంచి పన్నెండు నెలల దాకా ఉంటాయి. ఉండటం, తినడం, యూనిఫాం, పుస్తకాలు అన్నీ ఉచితం. పదో తరగతి అయ్యాక ఇంట్లోనే ఉండిపోయిన అమ్మాయి మూడో వారానికి కంప్యూటర్ ముందు కూర్చుని తన వివరాలు తానే టైపు చేసుకోవడం ఈ కేంద్రాల్లో మామూలుగా కనిపించే దృశ్యం. ఆ ఒక్కదానికే ఈ పథకం అంటే మాకు గౌరవం. ట్రేడుతో పాటు ఇంగ్లిష్, కంప్యూటర్, సాఫ్ట్ స్కిల్స్ తప్పనిసరిగా ఉండటం రెండో మంచి. సిలబస్ వెనకబడితే ట్రైనర్లు ముందుగా కోసేసేది ఈ గంటలనే. అలా కోసిన బ్యాచ్‌లో కుట్టు బాగా వచ్చిన పిల్లలు కూడా ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అనగానే తల దించుకుంటారు. వారానికోసారి టైంటేబుల్, హాజరు రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ కోత పడిందో తెలిసిపోతుంది.

బ్యాచ్‌కు 35 మంది కావాలంటే వంద పేర్లు రాసుకోవాలి. నలభై పేర్లతో బయల్దేరితే చివరి వారంలో కనబడినవాళ్లనల్లా చేర్చుకోవాల్సి వస్తుంది, వాళ్లే ముందు మానేస్తారు. పేర్ల కోసం పంచాయతీ ఆఫీసు కంటే గ్రామ సంఘం సమావేశానికి వెళ్లడం మేలు. పొదుపు సంఘాల అక్కలకు ఏ ఇంట్లో ఎవరు చదువు ఆపేశారో, ఎవరికి పెళ్లి మాటలు నడుస్తున్నాయో, ఎవరు వలస పోయి ఎందుకు తిరిగొచ్చారో అన్నీ తెలుసు. మార్గదర్శకాల ప్రకారం సగం సీట్లు ఎస్సీ, ఎస్టీలకు, 15 శాతం మైనారిటీలకు, మూడో వంతు మహిళలకు దక్కాలి. ఇది చివర్లో సరిచూసుకునే లెక్క కాదు, మొదటి రోజు ఏ వాడకు, ఏ తండాకు వెళ్తామన్న దగ్గరే తేలిపోతుంది.

బ్యాచ్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నదీ ముఖ్యమే. ఇంటర్ సప్లిమెంటరీ పరీక్షలు అయిపోయాక, జూన్, జులైలో పెడితే నిలుస్తుంది. డిసెంబరు ఆఖరులో పెడితే సంక్రాంతికి ఊరెళ్లిన పిల్లల్లో కొందరు తిరిగి రారు. మిరప పండే ఊళ్లలో కోతలప్పుడు కూలి రేటు బాగుంటుంది కాబట్టి ఇంట్లో వాళ్లే ఆపేస్తారు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ ఊళ్లకు కోతలయ్యాకే వెళ్లాలి.

వయసు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. పథకం 15 ఏళ్లకే చేర్చుకోమంటుంది కానీ ఫ్యాక్టరీలు 18 నిండనిదే తీసుకోవు. పదిహేడేళ్ల వాళ్లను మూడు నెలల కోర్సులో చేరిస్తే సర్టిఫికెట్ పట్టుకుని ఇంట్లో కూర్చుంటారు. కోర్సు ముగిసే తేదీకి 18 నిండుతాయో లేదో వేళ్ల మీద లెక్కేసుకుని చేర్చాలి. ఆరోగ్య పరీక్షలూ ముందే చేయించాలి. ఫోన్లు బిగించే పనికి, కుట్టు పనికి కళ్లు చూపించాలి. ఎలక్ట్రీషియన్ కోర్సుకైతే రంగులు తేడా తెలుస్తున్నాయో లేదో చూడాలి, ఎరుపు, ఆకుపచ్చ వైర్లు గుర్తుపట్టలేనివాళ్లకు ఆ పని ప్రమాదం. అమ్మాయిలకు పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష తప్పనిసరి. ఎనిమిది గంటలు నిలబడి చేసే లైన్‌లో కళ్లు తిరిగి పడిపోయిన పిల్ల మర్నాడే బ్యాగు సర్దుకుంటుంది. శిక్షణ మూడు నెలలూ ఐరన్ మాత్రలు వేయించి, భోజనంలో ఆకుకూర, గుడ్డు తగ్గకుండా చూస్తే ఈ గండం చాలావరకు తప్పుతుంది.

కౌన్సెలింగ్ తల్లిదండ్రుల ముందే జరగాలి. ‘సార్, మా పిల్లకి రాత్రి డ్యూటీ వేస్తారా?’ అని తల్లి అడుగుతుంది. బ్యాచ్ నింపుకోవాలనే తొందరలో ‘అబ్బే, లేదమ్మా’ అనేస్తారు చాలామంది. అక్కడే ఉద్యోగం సగం పోయింది. ‘సెకండ్ షిఫ్ట్ ఉంటుందమ్మా, మధ్యాహ్నం రెండింటికి ఎక్కితే రాత్రి పదింటికి దిగుతారు. కంపెనీ బస్సు హాస్టల్ గేటు దాకా వస్తుంది. వారం మార్చి వారం షిఫ్టు మారుతుంది’ అని ఉన్నదున్నట్టు చెబితే పదిమందిలో ముగ్గురు వెనక్కి తగ్గొచ్చు. తగ్గనివ్వండి. మిగతా ఏడుగురు నిలుస్తారు. ‘లేదమ్మా’ అని నమ్మించి పంపితే మొదటి సెకండ్ షిఫ్ట్ రోజే తండ్రి బస్సెక్కి వచ్చి పిల్లను తీసుకెళ్లిపోతాడు, ఆ ఊరి నుంచి మరో పేరు రావడానికి ఏళ్లు పడుతుంది.

కాగితాల పని విసుగ్గా ఉంటుంది కానీ జీతం ఆగేది ఇక్కడే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా ముందు, పాసుపుస్తకంలో పేరు తర్వాత. మూడూ మూడు రకాలు. ఇలా ఉంటే పీఎఫ్ ఖాతాకు కావాల్సిన నంబరు (యూఏఎన్) దగ్గర చిక్కు వస్తుంది. మెమో దిద్దించాలంటే స్కూలు హెడ్మాస్టరు నుంచి బోర్డు దాకా తిరగాలి, నెలలు పడుతుంది. మెమోలో తప్పు లేకపోతే దాన్నే ఆధారంగా చూపించి ఆధార్‌ను మెమోకు సరిపోయేలా మార్పించడం తేలిక. ఆధార్‌లో పేరు రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి తొందరపడి తప్పు దిద్దించుకోవద్దు. ఆధార్‌కు ఏ నంబరు లింకై ఉందో కూడా చూడాలి, చాలాసార్లు అది అన్నయ్య ఎప్పుడో పోగొట్టుకున్న సిమ్ నంబరు అయి ఉంటుంది, ఓటీపీ రాదు.

బ్యాంకు ఖాతా సంగతీ అంతే. స్కాలర్‌షిప్ కోసం స్కూల్లో చదివేటప్పుడు తెరిచింది మైనర్ ఖాతా అయి ఉంటుంది. 18 నిండాక కొత్త సంతకంతో, కేవైసీతో దాన్ని మార్పించుకోకపోతే లావాదేవీలు ఆగిపోతాయి. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాల్లో నెలకు రూ.10,000 కంటే ఎక్కువ తీయనివ్వరు, ఏడాదికి లక్షకు మించి జమ కానివ్వరు. నెలనెలా పదకొండు వేలు జీతం పడితే పదో నెలకే ఆ హద్దు దాటుతుంది. ఈ పనులన్నీ శిక్షణ మొదటి నెలలోనే ముగించాలి. ఆఫర్ లెటర్ వచ్చాక పరిగెత్తితే కుదరదు.

ఇక డబ్బు లెక్క. మధ్యలో మానేసే వాళ్లలో ఎక్కువమంది మానేసేది ఇక్కడే, పని కష్టమై కాదు. ఆఫర్ లెటర్‌లో సీటీసీ, అంటే మనిషి మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు, రూ.15,000 అని ఉంటుంది. ఇంట్లో అందరికీ పదిహేను వేలనే చెబుతారు. ఉదాహరణకు మూల వేతనం 10,000, మిగతా అలవెన్సులు 3,000 అనుకుందాం. మొత్తం 13,000. కంపెనీ కట్టే పీఎఫ్ 1,200, ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 3.25 శాతం చొప్పున 423, బోనస్ లాంటివి కలిపి కాగితం మీద పదిహేను చేస్తారు. ఆ 13,000 లోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 12 శాతం కింద 1,200, ఈఎస్‌ఐ 0.75 శాతం కింద 98 పోతే చేతికొచ్చేది 11,702. రూముకు 2,000, మెస్‌కు 3,000 పోతే మిగిలేది 6,702. ఈ లెక్కను బోర్డు మీద చాక్‌పీస్‌తో, కంపెనీ పేరు రాసి, తల్లిదండ్రులు వచ్చిన రోజున వేసి చూపించాలి. 6,702 తక్కువేం కాదు. పదిహేను వేలు వస్తాయనుకున్న వాళ్లకు మాత్రం అది మోసంలా కనిపిస్తుంది.

అంతకంటే పెద్ద చిక్కు మొదటి జీతం ఎప్పుడొస్తుందన్నది. చాలా కంపెనీల్లో హాజరు లెక్క 21వ తేదీ నుంచి మర్నెల 20 దాకా ఉంటుంది. జూన్ 22న చేరినవాడి మొదటి జీతం జులై 20 దాకా లెక్క కట్టి ఆగస్టు మొదటి వారంలో పడుతుంది. అంటే 45 రోజులు చేతి నుంచి పెట్టుకోవాలి. రూము అడ్వాన్సు, మెస్, చార్జీలు, బకెట్టు, దుప్పటి, తాళం, సబ్బులు, ఫోన్ రీచార్జి, అన్నీ కలిపితే పది వేలకు తగ్గదు. ఇంట్లోంచి రెండు వేలు పట్టుకెళ్లిన పిల్లవాడు ఇరవయ్యో రోజుకు రూమ్మేట్ దగ్గర అప్పు చేస్తాడు, ముప్పయ్యో రోజుకు ఇంటికి ఫోన్ చేస్తాడు, ఆ తర్వాత రైలెక్కుతాడు. వీలైతే చేరే తేదీని హాజరు లెక్క ముగియడానికి ఓ పది రోజుల ముందుకు, అంటే 10వ తేదీ ప్రాంతానికి మార్పించండి. అప్పుడు కొద్దిపాటి జీతమైనా మర్నెల మొదటి వారంలోనే పడుతుంది. ఈ చిన్న సర్దుబాటుకు హెచ్‌ఆర్ వాళ్లు సాధారణంగా ఒప్పుకుంటారు, అడిగేవాళ్లే ఉండరు.

చేరినవాళ్లకు నెలకు రూ.1,000 చొప్పున పథకం ఇచ్చే సాయం ఉంది. సొంత జిల్లాలో ఉద్యోగమైతే రెండు నెలలు, వేరే జిల్లాలో మూడు, వేరే రాష్ట్రంలో ఆరు నెలలు. ఆలోచన మంచిదే. కానీ ఉద్యోగంలో ఉన్నట్టు కాగితం చూపిస్తేనే వచ్చే డబ్బు ఇది, అవసరమేమో చేరిన మొదటి రోజునే. దీని మీద ఆధారపడి ఎవరినీ పంపొద్దు. అంతకంటే నమ్మకమైన దారి తల్లి పొదుపు సంఘంలో అంతర్గత అప్పు. బయల్దేరే నెలలోనే తల్లి చేత సంఘంలో అడిగించి ఎనిమిది, పది వేలు తీయించి, రెండో జీతం నుంచి వాయిదాలు కట్టేలా తీర్మానం రాయిస్తే ఆ 45 రోజులు గట్టెక్కుతాయి. తీర్మానం పుస్తకంలో పిల్ల పేరు, కంపెనీ పేరు ఉంటే సంఘంలోని పదిమంది ఆడవాళ్లూ ఆ ఉద్యోగం బాగోగులు కనుక్కుంటూ ఉంటారు.

పంపేటప్పుడు ఒక్కరిని పంపొద్దు. ఒకే మండలం వాళ్లు కనీసం నలుగురైదుగురు ఒకే హాస్టల్లో ఉండాలి. తమిళనాడు, కర్ణాటక వైపు పంపితే తిండి దగ్గర మొదటి వారం కష్టంగా ఉంటుంది, రెండు కిలోల ఆవకాయ, కందిపొడి మూటలో పెట్టించడం మరవకండి. హాస్టల్ చూడకుండా అమ్మాయిలను పంపడం మాత్రం క్షమించరానిది. సమన్వయకర్త సాయంత్రం ఆరు తర్వాత స్వయంగా వెళ్లి చూడాలి. నీళ్లు ఎన్ని గంటలు వస్తున్నాయి, బాత్రూమ్ గడియలు పడుతున్నాయా, బస్సు దిగిన చోటి నుంచి గేటు దాకా లైట్లున్నాయా, వార్డెన్ రాత్రి అక్కడే ఉంటుందా. పగలు వెళ్తే ఇవేవీ కనబడవు.

చేరాక ఫోన్లు 1, 3, 7, 15, 30, 45, 60, 90 రోజులకు చేయాలి. ‘బాగున్నావా?’ అని అడిగితే ‘బాగున్నా సార్’ అనే జవాబే వస్తుంది. ‘నిన్న రాత్రి ఏం తిన్నావమ్మా? ఎన్నింటికి పడుకున్నావు? మీ సూపర్‌వైజర్ పేరేంటి? పక్కన కూర్చునేది ఎవరు?’ అని అడగండి. ఏడో రోజుకు కూడా సూపర్‌వైజర్ పేరు, పక్కవాళ్ల పేరు తెలియకపోతే ఆ పిల్ల మానేసే దారిలో ఉన్నట్టే, ఆ సాయంత్రమే మరోసారి మాట్లాడాలి. 30వ రోజు ఫోన్‌లో ఈఎస్‌ఐ నంబరు వచ్చిందా అని అడగాలి. 45వ రోజు జీతం స్లిప్పు ఫొటో తెప్పించుకుని బోర్డు మీద వేసిన లెక్కతో పోల్చాలి. తేడా ఉంటే ఎక్కడ కోశారో కనుక్కుని చెప్పేది మీరే కావాలి.

పథకంలో మాకు నచ్చని అంశం కొలత దగ్గర ఉంది. శిక్షణ పొందినవాళ్లలో 70 శాతం మందిని కనీసం రూ.6,000 లేదా కనీస వేతనం, ఏది ఎక్కువైతే దానికి ఉద్యోగంలో పెట్టాలని 2016 నాటి మార్గదర్శకాలు చెబుతాయి. మూడు నెలల జీతం రుజువు చూపితే ప్లేస్‌మెంట్ లెక్కలోకి వస్తుంది. దాంతో శిక్షణ కేంద్రం దృష్టి మూడో స్లిప్పు దగ్గరే ఆగిపోతుంది. నాలుగో నెలలో మానేసిన పిల్లవాడు ఎవరి లెక్కలోనూ ఉండడు. ఆ తర్వాత కూడా కొనసాగిన వాళ్ల కోసం సంస్థకు ప్రోత్సాహకం ఉన్నా, కొత్త బ్యాచ్ హడావుడిలో ఆ కాగితాలు తయారుచేసే తీరిక ఉండదు. ఫోన్లకంటూ ఒక మనిషిని విడిగా పెట్టుకున్న కేంద్రాలే ఈ విషయంలో బాగుంటాయి. చేరబోయే పిల్లలు, తల్లిదండ్రులు కేంద్రంలో అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ‘పోయిన ఏడాది బ్యాచ్‌లో ఇప్పటికీ అదే ఉద్యోగంలో ఉన్న ఇద్దరి చేత మాట్లాడించండి.’ వెంటనే ఫోన్ కలిపిస్తే చేరొచ్చు.

ఇది అందరికీ సరిపోయే దారి కాదు. ఊరు వదలలేని వాళ్లను, చిన్న పిల్లల తల్లులను దీంట్లో ఇరికించొద్దు. వాళ్లకు జిల్లా ఆర్‌సెటీ (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) మేలు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటీ నమూనాలో బ్యాంకులు నడిపే ఈ సంస్థల్లో కుట్టు, పాడి, సెల్‌ఫోన్ రిపేరు లాంటివి కొన్ని వారాల్లో నేర్పి, రెండేళ్లపాటు కనిపెట్టుకుని ఉంటారు. ఐటీఐ చదివినవాళ్లు ముందు అప్రెంటిస్‌షిప్ చూసుకోవాలి. అక్కడ పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తించవు కాబట్టి ఆఫర్ లెటర్‌లో ‘అప్రెంటిస్’ అని ఉందో, ‘ట్రైనీ’ అని ఉందో, ‘ఉద్యోగి’ అని ఉందో సంతకానికి ముందు చదివించండి. ఆ ఒక్క మాటను బట్టే పైన బోర్డు మీద వేసిన లెక్క అంతా మారిపోతుంది.